వాకీటాకీల్లో ఛానెళ్లు అమర్చాను: నా అనుభవం

మా గిడ్డంగిలో పాత వాకీటాకీలు తీసేసి డిజిటల్ సెట్లు తెచ్చినప్పుడు, వాటిలో ఛానెళ్లు అమర్చే పని నాకు అప్పగించారు. అంతకుముందు అందరిదీ ఒకటే ఛానెల్. ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతుంటే మిగతావారు ఆగాల్సిందే. గేటు దగ్గర లారీ నంబర్లు చదువుతున్నంతసేపూ లోపల ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషికి ‘ఆపు’ అని చెప్పే దారి ఉండేది కాదు. ఈ పని నేను ఇష్టంగా ఒప్పుకోవడానికి అదే కారణం.

కొత్త సెట్లు డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) రకానివి. 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక ఛానెల్‌ను 30 మిల్లీసెకన్ల చొప్పున రెండు టైమ్ స్లాట్లుగా, అంటే వంతులుగా, పంచుతాయి. రిపీటర్ (సెట్ల సంకేతాన్ని అందుకుని తిరిగి ప్రసారం చేసే పరికరం) ఉంటే ఒకే ఫ్రీక్వెన్సీ జతపై ఒకేసారి రెండు సంభాషణలు నడుస్తాయి. 0 నుంచి 15 వరకు ఉండే కలర్ కోడ్ అనే సంఖ్య రెండు వైపులా ఒకటే కావాలి, లేకపోతే ఫ్రీక్వెన్సీ కలిసినా మాట వినపడదు. ఫ్రీక్వెన్సీలు మాత్రం లైసెన్సులో ఉన్నవే ఉంచాను.

కేబుల్ పెట్టే ముందు ఎవరు ఎవరితో మాట్లాడతారో అందరినీ అడిగి కాగితం మీద రాసుకున్నాను. తర్వాత ఒక సెట్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి చదివించి, ఆ ఫైలును విడిగా దాచి, దాని నకలు మీదే మార్పులు మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్‌లో వందల ఛానెళ్లకు చోటుంది. చోటుంది కదా అని నింపకూడదని నా గట్టి అభిప్రాయం. మాకు ఐదు చాలు: ఉమ్మడి, దిగుమతి, ఫోర్క్‌లిఫ్ట్, గేటు, మరమ్మతు.

ఛానెల్ మార్చే నాబ్‌కు 16 స్థానాలున్నాయి. మా సెట్లలో అది ఎడమకు తిప్పుతూ పోతే 1 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఉమ్మడి ఛానెల్‌ను అక్కడ పెట్టాను. చేతికి తొడుగులున్నా, చీకటిగా ఉన్నా, సెట్ నడుముకే ఉన్నా, ఎడమకు ఆగేదాకా తిప్పితే అందరికీ వినపడే చోట ఉన్నట్టే. 6 నుంచి 16 వరకు ఖాళీగా వదలకుండా అక్కడ కూడా ఉమ్మడినే నింపాను. మారిన ప్రతిసారీ ఛానెల్ పేరు సెట్ పైకి చదివేలా పెట్టాను. రెండో జోన్ (ఛానెళ్ల గుంపు) ఎవరికీ ఇవ్వలేదు. జోన్ మారితే నాబ్ అదే స్థానంలో ఉన్నా ఛానెల్ వేరవుతుంది, దాన్ని వేళ్లు కనిపెట్టలేవు.

ఎక్కువ సమయం తీసుకున్నది స్కాన్, అంటే సెట్ తన ఛానెల్‌తో పాటు జాబితాలోని ఇతర ఛానెళ్లనూ వరుసగా వెతికి వినిపించే ఏర్పాటు. ఫోర్క్‌లిఫ్ట్ వాళ్లు తమ ఛానెల్‌లో ఉంటూనే దిగుమతి వాళ్ల పిలుపు వినాలి. విన్నారు కూడా. కానీ బండి ఆపి, చేయి ఖాళీ చేసుకుని జవాబిచ్చేసరికి, దిగుమతి వాళ్లకు ఏమీ వినపడలేదు. ‘నేను జవాబు చెప్పాను కదండీ’ అని ఇతను, ‘రాలేదు’ అని వాళ్లు. ఇద్దరూ నిజమే చెప్పారు. పిలుపు ముగిశాక స్కాన్ ఆ ఛానెల్‌లో కాసేపే నిలుస్తుంది, ఆ వ్యవధిలో బటన్ నొక్కితేనే జవాబు అక్కడికి వెళ్తుంది. దాటితే సొంత ఛానెల్‌లోకి పోతుంది. వ్యవధి బాగా పెంచితే ఇంకో చిక్కు: నిలిచినంతసేపూ మిగతా పిలుపులు తప్పిపోతాయి. రెండు మూడు విలువలు మార్చి చూశాక ఆరు సెకన్లు మాకు సరిపోయాయి. స్కాన్ జాబితాలో సొంత ఛానెల్ కాక మరొక్క ఛానెల్, దానితో పాటు ఉమ్మడి, అంతే ఉంచాను. జాబితా పెరిగేకొద్దీ పిలుపులో మొదటి మాట తెగిపోతుంది. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడమని అందరికీ చెప్పాను.

అత్యవసర బటన్‌ను మాత్రం నాబ్‌తో ముడిపెట్టలేదు. ఏ ఛానెల్‌లో ఉన్నా అది నొక్కితే పిలుపు ఉమ్మడిలోకే వెళ్తుంది. శీతల గదిలో, అరల వెనుక, గేటు బయట నిలబడి ఒక సెట్‌తో నొక్కి చూశాకే ఫైలును అన్నింటిలోకీ ఎక్కించాను.

సెట్లు షిఫ్టుకొకరి చేతికి మారుతాయి, నాబ్ మాత్రం ముందు వాడినవారు వదిలిన చోటే ఉంటుంది. అందువల్ల ఛార్జర్ నుంచి తీయగానే ఎడమకు ఆగేదాకా తిప్పి, ‘ఉమ్మడి’ అని వినపడ్డాక తమ ఛానెల్‌కు వెళ్లమని నియమం పెట్టాం. భద్రతా సిబ్బంది తమ మాటలు ఇతరుల స్కాన్‌లో రాకూడదని కోరారు. న్యాయమైన కోరికే, గేటు ఛానెల్‌ను అందరి జాబితాల నుంచీ తీసేశాను.