పక్కింటి హత్య కేసులో సాక్ష్యం చెప్పొచ్చాను

భార్యను చంపిన పక్కింటతనికి యావజ్జీవం వేస్తూ తీర్పు వచ్చిన రోజు నుంచి మా కాలనీలో కనిపించినవాళ్ళంతా నన్ను అడిగేది ఒకటే. "ఉరెందుకు వెయ్యలేదు టీచరమ్మా?" శిక్ష వేసింది నేనే అయినట్టు. పాలపాకెట్లు వేసే అబ్బాయి అడిగాడు, ఇస్త్రీ బండాయన అడిగాడు, స్కూలు స్టాఫ్‌రూములో అడిగారు. పోలీసులు సాక్షులెవరైనా ఉన్నారా అని వీధిలో తిరిగినప్పుడు తలుపులు వేసుకున్నవాళ్ళు కూడా అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. రేపు ఎవరికైనా సమన్లు వస్తే కాస్త పనికొస్తుంది కూడా.

మాది ఒంగోలు, కర్నూలు రోడ్డు వైపు ఒక కాలనీ. పేర్లు రాయను, వాళ్ళ బాబు ఇంకా చిన్నవాడు. మా గోడ పక్కింట్లో ఆ మొగుడూ పెళ్ళాలు అద్దెకుండేవాళ్ళు. అతను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని. ఆ అమ్మాయిది దర్శి దగ్గర పల్లె. నన్ను అక్కా అని పిలిచేది. తాగొచ్చి కొడతాడని వీధంతటికీ తెలుసు. "మొగుడూ పెళ్ళాల గొడవ, నువ్వు తలదూర్చబాక" అని మా ఆయన అనేవాడు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాటే అని ఉంటారు.

ఒకరోజు తెల్లారేసరికి ఉరేసుకుని చనిపోయిందన్నారు. అతను గుమ్మంలో కూర్చుని తల బాదుకుంటున్నాడు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి చూస్తే ఇట్టా ఉందని ఏడుస్తున్నాడు. మగాళ్ళు అతనికి నీళ్ళు తాగించారు. ఆడవాళ్ళు "ఏం పోయేకాలమే నీకు, పసిబిడ్డ మొహం చూసైనా ఆగొద్దా" అని చనిపోయినదాన్నే తిట్టారు. ఈ కేసులో జనం వేసిన మొదటి శిక్ష అదే, అదీ ఆ అమ్మాయికి.

పోస్టుమార్టం తర్వాత అంతా తిరగబడింది. మెడ మీద మచ్చ గురించి డాక్టరు చెప్పిన సాక్ష్యాన్ని తర్వాత తీర్పు కాపీలో చదివాను. ఉరేసుకుంటే తాడు గుర్తు సాధారణంగా మెడ పైభాగంలో, ఏటవాలుగా చెవి వైపు ఎక్కుతుంది. వెనక నుంచి బిగించి చంపితే కింది భాగంలో, అడ్డంగా, మెడ చుట్టూ ఉంటుంది. ఈ అమ్మాయి మెడ మీద ఉన్నది రెండో రకం. చంపాక చీరతో ఫ్యానుకు వేలాడదీశాడన్నమాట.

ఆ సంగతి బయటికి రాగానే అతనికి నీళ్ళు తాగించినవాళ్ళే "నడిరోడ్డు మీద కాల్చేయాలి" అన్నారు. కొవ్వొత్తుల ర్యాలీ తీశారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో 2019 డిసెంబరు నాటి దిశ ఎన్‌కౌంటర్ ఫోటోలు పెట్టి, మనకూ అట్టాంటి పోలీసులు కావాలన్నారు. మా మరిది అయితే రోజూ అదే పాట. ఆయేషా మీరా హత్య కేసు గుర్తుందా అని అడిగాను. అందులో సత్యంబాబు నేరస్తుడని కింది కోర్టు శిక్ష వేసింది. ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాక 2017లో హైకోర్టు నిర్దోషి అంది. జనం అడిగారని ముందే కాల్చేసి ఉంటే ఏమయ్యేది? మరిది ఏం మాట్లాడలేదు, ఫోన్ చూసుకున్నాడు.

ఒక టీవీ ఛానెల్ వాళ్ళు మైకు పట్టుకుని వస్తే మా ఎదురింటాయన "నేను కళ్ళారా చూశా, తాడు బిగిస్తుంటే కిటికీలోంచి చూశా" అని చెప్పేశాడు. ఆయన చూడలేదు. ఆ కిటికీ ఆయన ఇంటి వైపు లేనే లేదు. కానీ మైకు ముందు మనిషికి ఏదో పూనుతుంది. ఆ మాట తర్వాత ఎంత చేటు చేసిందో చెబుతాను.

నేను చూసింది చాలా చిన్న సంగతి. మా వీధికి కార్పొరేషన్ నీళ్ళు రెండు మూడు రోజులకోసారి వచ్చేవి, అదీ ఏ వేళకో తెలియదు. ఆ రాత్రి ఒంటిగంట దాటాక వచ్చాయి. లేచి మోటారు వేశాను. పిట్టగోడ అవతల అతని బండి ఉంది. మోటారు శబ్దానికి అతను తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసుకున్నాడు. అంతే. నైట్ డ్యూటీలో ఉన్నానన్న మనిషి ఇంట్లో ఉన్నాడు. ఇదే పోలీసులకు చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు. దాని మీద సంతకం పెట్టనక్కర్లేదు, పోలీసులకిచ్చే వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదట.

తర్వాత ఏళ్ళు గడిచాయి. అతనికి బెయిలొచ్చింది. అదే ఊళ్ళో, పక్క పేటలో వాళ్ళమ్మ ఇంట్లో ఉండేవాడు. కూరగాయల మార్కెట్లో ఎదురుపడితే నేనే పక్కకు తిరిగేదాన్ని. ఆ టెన్షన్ గురించి ఎవరూ ముందు చెప్పరు. ఒక ఆదివారం అతని మేనమామ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. బెదిరించలేదు, కాఫీ కూడా తాగాడు. "అమ్మాయ్, పోయినామె ఎట్టాగూ పోయింది. బిడ్డకు తండ్రన్నా మిగలొద్దా? చీకట్లో సరిగ్గా కనపడలేదని ఒక్క మాట చెప్పు, చాలు" అన్నాడు. మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి "మా ఇంట్లో అబద్ధాలు చెప్పే అలవాటు లేదబ్బాయ్" అంది. సొంత అత్తగారి గురించి నేను గొప్పగా చెప్పేది అరుదు, కాబట్టి రాసిపెడుతున్నాను.

సమన్లు కోర్టు కానిస్టేబుల్ తెచ్చిచ్చాడు. వాయిదా రోజు పొద్దున ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళితే, అప్పుడు పోలీసులకు ఏం చెప్పానో చదివి వినిపించారు. చదువుతున్నప్పుడు జాగ్రత్తగా వినండి, ఏళ్ళ తర్వాత మన మాట మనకే కొత్తగా ఉంటుంది. ఆయన ఇంకో మాట చెప్పారు. తెలిసింది చెప్పండి, తెలియనిదాన్ని తెలియదనండి, గుర్తులేనిదాన్ని గుర్తులేదనండి, కథ కలపబాకండి. మొదటిసారి వెళ్ళినప్పుడు సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టి ఇంకో తేదీ ఇచ్చారు. అవతలి లాయరు గడువు అడిగారట. స్కూలుకు సెలవు, జీతం కోత. ఇట్టా మరికొన్నిసార్లు జరిగింది. అన్నం బాక్సు, నీళ్ళ సీసా తప్పకుండా తీసుకెళ్ళండి. సాక్షికి బత్తా, అంటే దారి ఖర్చులు ఇస్తారు, అడిగి తీసుకోండి, సిగ్గుపడే పని కాదు.

బోనెక్కాక ప్రమాణం చేయించారు. నేను తెలుగులో చెబుతుంటే జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించారు. చివర్లో తెలుగులో వినిపించి సంతకం తీసుకున్నారు. ప్రాసిక్యూటర్ అడిగింది పది నిమిషాల్లో అయిపోయింది. అవతలి లాయరుది ఒక పట్టాన తెమల్లేదు. వీధి లైటు ఎంత దూరం? బండి నంబరెంత? అట్టాంటి బండ్లు ఊళ్ళో ఎన్నుంటాయి? ఆ రాత్రే నీళ్ళొచ్చాయని రుజువేంది? నాకు గుర్తున్నవి చెప్పాను, బండి నంబరు తెలియదన్నాను. ఆ తర్వాత గొంతు మార్చాడు. పిట్టగోడ విషయంలో అతనితో మీకు గొడవుంది కదా? కాదండీ. మృతురాలి తల్లి మీకు డబ్బులిచ్చింది కదా? కాదండీ. పోలీసులు నేర్పిన మాటలు చెబుతున్నారు కదా? కాదండీ. మొదట కోపంతో చేతులు వణికాయి. తర్వాత తెలిసింది, ముద్దాయి తరఫు వాదన ఏమిటో రికార్డు కావాలంటే లాయరు అవన్నీ సాక్షిని అడిగే తీరాలట. నా మీద పగేం లేదు, బయట కనపడితే ఆయనే నమస్కారం పెట్టాడు.

ఎదురింటాయన వంతు వచ్చింది. టీవీలో కళ్ళారా చూశానన్న మనిషి బోనులో "నాకేం తెలియదు, పోలీసులే రాసుకున్నారు" అన్నాడు. హాస్టైల్ అయ్యాడన్నారు, అంటే ముందు చెప్పినదానికి అడ్డం తిరిగాడని. అవతలి లాయరు పండగ చేసుకున్నాడు. ఆ టీవీ ముక్క పట్టుకుని, ఈ వీధి వీధంతా ఆవేశంలో కథలు అల్లింది, టీచరమ్మ చెప్పేదీ అట్టాంటిదే అని వాదించాడు. కేసు అక్కడ ఊగింది. చూసినవాళ్ళెవరూ లేని కేసు ఇది, సందర్భాలను బట్టి తేల్చాల్సింది. నిలబెట్టింది ఫ్యాక్టరీ హాజరు పుస్తకం. అందులో ఆ రాత్రి అతని సంతకం లేదు, సూపర్‌వైజర్ వచ్చి అదే చెప్పాడు. దానికి నా నీళ్ళ మోటారు సంగతి కలిసింది. అతను ఇంట్లోనే ఉన్నాడని తేలాక, ఆ నాలుగు గోడల మధ్య ఏం జరిగిందో తనకే తెలుసు కాబట్టి తనే చెప్పాలి. పాత సాక్ష్య చట్టం 106వ సెక్షన్ అదేనట. అతను చెప్పలేకపోయాడు.

దోషి అని తేల్చాక శిక్ష గురించి ఏమన్నా చెప్పుకుంటావా అని జడ్జిగారు అతన్నే అడిగారు. ముసలి తల్లి ఉంది, కొడుకున్నాడు అన్నాడు. ఐపీసీ 302 కింద యావజ్జీవం, జరిమానా. సాక్ష్యం మాయం చేసినందుకు 201 కింద కొన్నేళ్ళు, రెండు శిక్షలూ ఒకేసారి నడుస్తాయి. ఐపీసీ లాంటి పాత చట్టాల బదులు కొత్తవి 2024 జూలై 1 నుంచి వచ్చినా, హత్య అంతకుముందు జరిగింది కాబట్టి పాత సెక్షన్లే. వరకట్న చావు సెక్షన్ ఎందుకు పెట్టలేదని కూడా అడుగుతున్నారు. అది పెళ్ళయిన ఏడేళ్ళలోపు జరిగిన చావుకే. వీళ్ళ పెళ్ళయి అప్పటికే ఏడేళ్ళు దాటింది.

కోర్టు బయట గోల మొదలైంది. "యావజ్జీవమేనా? మున్నాకు వేశారుగా ఉరి!" నిజమే, 2021 మే నెలలో ఇదే ఒంగోల్లో హైవే హత్యల కేసులో మున్నా గ్యాంగ్‌లో 12 మందికి ఉరిశిక్ష వేశారు. అది లారీలు ఆపి డ్రైవర్లనూ క్లీనర్లనూ వరసగా చంపి సరుకు అమ్ముకున్న ముఠా. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఉరి అత్యంత అరుదైన కేసుల్లోనే అంది. మామూలుగా హత్యకు శిక్ష యావజ్జీవమే, ఉరి వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి, వేసినా హైకోర్టు ఖరారు చేయాలి. ఇదంతా చెబితే ఇస్త్రీ బండాయన "అయితే పద్నాలుగేళ్ళకు బయటికొస్తాడన్నమాట" అన్నాడు. అట్టా ఏం లేదు. యావజ్జీవమంటే బతికున్నంత కాలం. పద్నాలుగేళ్ళు నిండకముందు ప్రభుత్వం శిక్ష తగ్గించి విడిచిపెట్టడానికి వీల్లేదు, నిండాక వదలాలన్న రూలూ లేదు. ఆయనకు నమ్మకం కుదరలేదు. నెల్లూరు జైల్లో చికెన్ పెడతారంట కదా అన్నాడు.

ఇంకో రకం జనం ఉన్నారు, వాళ్ళంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. "ఏమో, ఆమెలో కూడా ఏదో ఉండబట్టే కదా" అని గొంతు తగ్గించి అనేవాళ్ళు. అనుమానంతో చంపాడు కాబట్టి అనుమానించడానికి ఏదో ఉండే ఉంటుందట. రెండు వేల పేజీల రికార్డు చదివినా వీళ్ళు మారరు.

ఎక్కువ దెబ్బ తిన్నది ఆ అమ్మాయి తల్లి. నేను పెద్దమ్మా అంటాను. తీర్పులో బిడ్డకు పరిహారం ఇప్పించమని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు సిఫారసు ఉంది. ప్రభుత్వ స్కీము అది, ముద్దాయి జేబులోంచి వచ్చేది కాదు. బిడ్డ మైనర్ కాబట్టి ఎక్కువ భాగం బ్యాంకులో డిపాజిట్ వేస్తారు. కానీ పల్లెలో చుట్టాలు "డబ్బులు తీసుకుని ఊరుకుంది, ఉరి కోసం పై కోర్టుకు పోలేదు" అని పుట్టించారు. ఆమె నన్ను తీసుకుని ప్రాసిక్యూటర్ దగ్గరికెళ్ళి, పైకి పోవాల్నా అయ్యా అని అడిగింది. బాధితుల తరఫువాళ్ళు ముద్దాయిని నిర్దోషిగా వదిలేస్తే దాని మీదో, పరిహారం చాల్లేదనో అప్పీలుకు పోవచ్చు గానీ, శిక్ష చాల్లేదని పోలేరట. ప్రభుత్వమే పోవాలి. ఆయన ఆ మాట చెప్పగానే పెద్దమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "అయితే ఆ మాట మా మరిదికి ఫోన్లో మీరే చెప్పండయ్యా" అంది. ఆయన నవ్వి, చెప్పారు.

అతను హైకోర్టులో అప్పీలు వేశాడు. ఇప్పుడు పెద్దమ్మకు మిగిలిన పని ఒకటే. ఆ అమ్మాయి మెడలోని నల్లపూసల గొలుసు కేసు సామానుగా కోర్టులో ఉంది. అప్పీలు తేలేదాకా ఆగక్కర్లేదు, దరఖాస్తు పెట్టి, అవసరమైతే తిరిగి తెచ్చిస్తానని పూచీ రాసి తీసుకోవచ్చన్నారు. గొలుసు ఆమెదేనని చూపించడానికి రసీదు, ఫోటో ఉంటే మంచిదన్నారు. రసీదు దొరికింది. తెచ్చిన ఫోటోలో గొలుసు పైట కింద ఉంది, కనపడటం లేదు. సోమవారం వచ్చేటప్పుడు పెళ్ళి ఆల్బం మొత్తం తెమ్మన్నాను.