లేపకముందే లేచిన థ్రెడ్

మా ప్రోగ్రామ్‌లో ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక పని) అప్పుడప్పుడూ 4 మిల్లీసెకన్లు ఆలస్యంగా లేస్తోంది. ఎందుకో తేల్చుకుందామని లినక్స్ లోపల జరిగేవాటిని టైముతో సహా రాసిపెట్టే ఎఫ్‌ట్రేస్ ఆన్ చేసి, షెడ్_వేకింగ్ (థ్రెడ్‌ను లేపడం), షెడ్_స్విచ్ (సీపీయూ ఒక థ్రెడ్ నుంచి మరోదానికి మారడం) అనే రెండు ఈవెంట్లు మాత్రం పెట్టాను. చాలాసేపు ఎదురుచూశాక ఆ ఆలస్యం ట్రేస్‌లో దొరికింది.

తీరా చూస్తే, థ్రెడ్‌ను లేపిన లైను ఐదో సీపీయూ మీద 812.440317 దగ్గర ఉంది. అదే థ్రెడ్ రెండో సీపీయూ మీద నడవడం మొదలుపెట్టిన లైను 812.440309 దగ్గర, దానికి పైన ఉంది. లేపకముందే 8 మైక్రోసెకన్ల ముందు లేచిందన్నమాట! మా లాకింగ్‌లోనే (థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డుపడకుండా చూసే కోడులోనే) తప్పుందనుకుని రెండు రోజులు ఆ కోడే తిరగేశాను.

చివరికి ట్రేసింగ్ డైరెక్టరీలో, ట్రేస్ ఏ గడియారం వాడాలో చెప్పే ట్రేస్_క్లాక్ ఫైలు తెరిచాను. వరసగా క్లాకుల పేర్లు, అందులో చదరపు బ్రాకెట్లలో 'లోకల్'. అంటే ప్రస్తుతం వాడుతున్నది అదే. లోకల్‌లో ఏ సీపీయూ టైము దానిదే. వేగంగా పనిచేస్తుంది, కానీ సీపీయూల టైములు ఒకదానితో ఒకటి సరిపోతాయన్న హామీ లేదు. ఈవెంట్లు దాచుకునే రింగ్ బఫర్ కూడా ప్రతి సీపీయూకీ వేరుగా ఉంటుంది. మనం ట్రేస్ చదివేటప్పుడు ఎఫ్‌ట్రేస్ టైమ్‌స్టాంపులు చూసి వాటిని కలుపుతుంది. ఒక క్లాక్ కాస్త వెనకబడితే చాలు, వరస తారుమారే. బూట్ మెసేజ్‌లు చూస్తే టీఎస్‌సీ (సీపీయూలోని టైము కౌంటర్) నిలకడగా లేదన్న లైను మొదటినుంచీ ఉంది. కొత్త కెర్నెళ్లు (కెర్నెల్ అంటే లినక్స్ మూల భాగం) అలాంటప్పుడు తమంతట తామే, సీపీయూలన్నిటి మధ్యా వరస నిలిపే 'గ్లోబల్' క్లాక్‌కు మారతాయి. నాది పాత కెర్నెల్.

వెంటనే గ్లోబల్ పెట్టాను. బఫర్ ఖాళీ అయిపోయింది! క్లాక్ మారిస్తే పాత ట్రేస్ చెరిగిపోతుందని అప్పుడే తెలిసింది. అంతసేపు కాచుకుని పట్టుకున్న ట్రేస్ పోయిందని నిజంగా బాధేసింది. మార్చే ముందు దయచేసి కాపీ తీసి పెట్టుకోండి.

గ్లోబల్ కొంచెం నెమ్మది, అయినా వరస నిలిచింది. ఇంకా రూఢి చేసుకోవడానికి 'కౌంటర్' పెట్టి చూశాను. అది అసలు గడియారమే కాదు, ఈవెంట్ ఈవెంట్‌కీ ఒకటి చొప్పున పెరిగే అంకె. ఎంతసేపు పట్టిందో చెప్పదు గానీ, ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి దాన్ని మించింది లేదు. ప్రతిసారీ వేకింగే ముందు. లాకింగ్ మీద నా అనుమానం అక్కడితో తీరింది.

మిగిలింది ఆలస్యం. మా ప్రోగ్రామ్ లాగ్‌లో టైములన్నీ క్లాక్_మోనోటానిక్‌వి, అంటే ఎప్పుడూ వెనక్కి వెళ్లని సిస్టమ్ గడియారానివి. అందుకని ట్రేస్‌కు అదే గడియారాన్ని వాడే 'మోనో' పెట్టాను. రెండు ఫైళ్లలో అంకెలు ఒకే లెక్కలోకి వచ్చాయి, పక్కపక్కన పెట్టి చదవగలిగాను. లేవాల్సిన థ్రెడ్ తప్పేమీ లేదు. దాన్ని లేపాల్సిన థ్రెడ్డే, లేపే పిలుపు దాకా రాకుండానే ప్రీఎంప్ట్ అయి (సీపీయూను వేరే థ్రెడ్‌కు వదలాల్సి వచ్చి) 4 మిల్లీసెకన్లు పక్కన కూర్చుంది. దాని ప్రయారిటీ పెంచాక ఆ ఆలస్యం మళ్లీ కనిపించలేదు.

సిస్టమ్ సస్పెండ్ అయ్యే చోట మాత్రం 'బూట్' వాడుతున్నాను, మోనో ఆ నిద్ర కాలాన్ని లెక్కపెట్టదు కాబట్టి. ట్రేస్ తీసే నా స్క్రిప్టు ఇప్పుడు ముందుగా ట్రేస్_క్లాక్‌లో ఏముందో చదివి, ఆ పేరును ట్రేస్ ఫైలు పేరులోనే చేరుస్తుంది.