పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పీ-ర్యామ్ ఎలా చదివానంటే

థియరీలో (అంటే కంప్యూటర్ సైన్స్‌లో సిద్ధాంతం వైపు) పీహెచ్‌డీకి ట్రై చేసేవాళ్ళలో చాలామందిమి గేట్ దారిలో వచ్చినవాళ్ళమే. పీ-ర్యామ్ అంటే ఒకే మెమరీని పంచుకుంటూ చాలా ప్రాసెసర్లు ఒకేసారి నడిచే ఊహా కంప్యూటర్. గేట్ సిలబస్‌లో ఇలాంటి ప్యారలల్ మోడల్స్ ఉండవు కాబట్టి ఈ టాపిక్‌ని అందరూ చివరి వారానికి నెట్టేస్తారు. చెన్నైలో తరమణి మ్యాట్‌సైన్స్‌కో (గణిత శాస్త్రాల సంస్థ) సిరుసేరి సీఎంఐకో (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) అప్లై చేస్తున్నవాళ్ళు మాత్రం అలా చెయ్యకండి, ఎందుకంటే "నాకు కాంప్లెక్సిటీ ఇష్టం" అని ఒక్క మాట అన్నాక మిమ్మల్ని పీ (మామూలు కంప్యూటర్ మీద పాలినామియల్ టైమ్‌లో తేలే సమస్యలు) నుంచి ఎన్‌సీ (పాలినామియల్ సంఖ్యలో ప్రాసెసర్లతో పాలీలాగ్ టైమ్‌లో, అంటే లాగ్ ఎన్‌కి ఏదో ఒక ఘాతం అంత టైమ్‌లో తేలేవి) దాకా లాక్కెళ్ళడం ప్యానెల్‌కి ఎంతసేపు?

నేను ఉన్నది వేళచ్చేరిలో. రూమ్‌లో చదువు సాగేది కాదు, కోట్టూరుపురం అణ్ణా లైబ్రరీలో సొంత పుస్తకాలు తెచ్చుకుని కూర్చునే హాలు ఉంది, అక్కడికి పోయేవాణ్ణి. ఈ సంగతి ఇక్కడితో చాలు.

మోడల్స్ గురించి అందరూ మొదట రాసుకునేది ఒక టేబుల్: ఈఆర్‌ఈడబ్ల్యూలో ఒక గడిని (మెమరీలో ఒక చోటుని) ఒకేసారి ఇద్దరు చదవకూడదు, రాయకూడదు, సీఆర్‌ఈడబ్ల్యూలో చదవొచ్చు, రాయకూడదు, సీఆర్‌సీడబ్ల్యూలో రెండూ చెయ్యొచ్చు, రాతలు ఢీకొంటే కామన్ (అందరూ ఒకే విలువ రాయాలి), ఆర్బిట్రరీ (ఎవరో ఒకరి రాత నిలుస్తుంది), ప్రయారిటీ (ముందు నంబర్ ప్రాసెసర్ రాత నిలుస్తుంది) అని మూడు రూల్స్. ఈ టేబుల్ బట్టీ పడితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోతారు. దానికి బదులు ఒకే ఒక్క సమస్యని, ఎన్ బిట్ల ఓఆర్‌ని (ఒక్క బిట్ 1 అయినా జవాబు 1, లేకపోతే 0), అన్ని మోడల్స్ మీదా నడిపించి చూడండి.

కామన్ సీఆర్‌సీడబ్ల్యూలో ఒక్క స్టెప్ చాలు: జవాబు గడిలో ముందే 0 ఉంటుంది, తన బిట్ 1 అయిన ప్రతి ప్రాసెసర్ వచ్చి అక్కడ 1 రాస్తుంది, అందరూ రాసేది అదే విలువ కాబట్టి గొడవ లేదు. ఇక సీఆర్‌ఈడబ్ల్యూకి వస్తే, ఎన్ని ప్రాసెసర్లు ఇచ్చినా సరే లాగ్ ఎన్ స్థాయి స్టెప్పులు తప్పవని కుక్, డ్వర్క్, రైషుక్ 1986లో నిరూపించారు. "ఎందుకు తప్పవు?" అని అడిగితే అందరి నోటా వచ్చే జవాబు ఒకటుంది: ఒక స్టెప్‌లో ఒక గడికి చేరే సమాచారం మహా అయితే రెట్టింపవుతుంది కాబట్టి లాగ్ ఎన్ అని. వినడానికి బాగుంటుంది కానీ తప్పు. రాయకుండా ఊరుకోవడం కూడా ఒక కబురే మరి. ఒక ప్రాసెసర్ ఒక గడిని చదివి తన దగ్గరున్న దానితో కలుపుకుంటుంది, తర్వాత అప్పటికే వేరే బిట్ల ఓఆర్ ఉన్న ఇంకో గడి దగ్గరికెళ్ళి, తన ఫలితం 1 అయితేనే రాస్తుంది, 0 అయితే దాన్ని ముట్టుకోదు. ఆ గడిని అది చదవనే లేదు, అయినా ఇప్పుడు అందులో రెండు గుంపుల ఓఆర్ ఉంది! లెక్క వేస్తే గడిలో చేరే బిట్ల సంఖ్య 1, 2, 5, 13 అని పోతుంది, అంటే ఫిబొనాచీలో ఒకటి విడిచి ఒకటి. జంటలు జంటలుగా కలుపుకుంటూ పోయే మామూలు ట్రీ పద్ధతిలో అయితే 1, 2, 4, 8. ఇలా దాదాపు 0.72 లాగ్ ఎన్ స్టెప్పుల్లో పని అయిపోతుంది (లాగ్ బేస్ 2). ఇది కూడా అదే పేపర్‌లో ఉంది. కాగితం మీద మూడు స్టెప్పులు మీ చేత్తో గీసి చూసుకోండి, ఈ టాపిక్ మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

మా రూమ్మేట్ నెల్లూరోడు, మాక్ ఇంటర్వ్యూలు వాడే చేసేవాడు. నేను ఏ ఆల్గారిదమ్ చెప్పినా మధ్యలో ఆపి "ప్రాసెసర్లు ఎన్నిరా?" అనేవాడు. మెస్‌లో పప్పు కలుపుకుంటున్నా అదే ప్రశ్న. విసుగొచ్చేది గానీ, ఈ సబ్జెక్టుకి తాళంచెవి అదే. ఉదాహరణకి ప్యారిటీ (బిట్లలో 1లు సరి సంఖ్యలో ఉన్నాయా, బేసిలోనా) తీసుకోండి. ప్రాసెసర్లు పాలినామియల్ సంఖ్యలో (ఎన్ స్క్వేర్, ఎన్ క్యూబ్ లాంటివి) ఉంటే సీఆర్‌సీడబ్ల్యూ అయినా కనీసం లాగ్ ఎన్ బై లాగ్ లాగ్ ఎన్ స్థాయి టైమ్ పడుతుంది, ఇది బీమ్, హోస్టాడ్‌ల ఫలితం. అదే ఎక్స్‌పొనెన్షియల్ సంఖ్యలో (2 పవర్ ఎన్ లాంటివి) ఇచ్చారనుకోండి, సాధ్యమైన ప్రతి ఇన్‌పుట్‌కీ ఒక ప్రాసెసర్ల గుంపుని కేటాయించి కాన్‌స్టంట్ టైమ్‌లో తేల్చేయొచ్చు. అలాగే ఫార్చ్యూన్, వైలీ 1978లో పెట్టిన మోడల్‌లో ప్రాసెసర్లు స్టెప్పు స్టెప్పుకీ కొత్త ప్రాసెసర్లని పుట్టించుకుంటూ పోవచ్చు, అందుకే అక్కడ పాలినామియల్ టైమ్ అంటే ఏకంగా పీస్పేస్ (పాలినామియల్ మెమరీతో చెయ్యగలిగినవన్నీ)! ప్రాసెసర్ల సంఖ్యని పాలినామియల్‌కి కట్టేస్తే అదే పాలినామియల్ టైమ్ మళ్ళీ పీకి దిగొస్తుంది.

ఇక్కడ చాలామందికి ఒక టెన్షన్: మోడల్స్ మధ్య ఇంత తేడా ఉంటే ఎన్‌సీ ఏ మోడల్ మీద చెప్పాలి? ఏదైనా ఒకటే. ప్రయారిటీ సీఆర్‌సీడబ్ల్యూలో ఒక స్టెప్పుని ఈఆర్‌ఈడబ్ల్యూ మీద, ప్రాసెసర్ల సంఖ్య పీ అయితే (ఇది పైన చెప్పిన క్లాస్ పీ కాదు), లాగ్ పీ స్థాయి స్టెప్పుల్లో నడిపించొచ్చు, రాయబోయే రిక్వెస్టుల్ని గడి నంబర్ ప్రకారం సార్టింగ్ చేసి ఒక్కో గడికి ఒక్కడినే గెలిపిస్తే సరి. పాలీలాగ్ టైమ్‌కి ఇంకో లాగ్ తగిలినా అది పాలీలాగే. కాబట్టి ఓఆర్ దగ్గర అంత స్పష్టంగా కనిపించిన తేడా ఎన్‌సీ దగ్గర కరిగిపోతుంది. నన్ను అడిగితే ఇంటర్వ్యూలో ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పాలి, ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే సగమే తెలుసనుకుంటారు.

"అసలు ఇలాంటి మెషీన్ ఎక్కడుంది" అని కొందరు ప్యానెల్ వాళ్ళు గిల్లుతారు. మోడల్‌ని తిట్టి తప్పించుకోకండి, బ్రెంట్ సూత్రం చెప్పండి: మొత్తం పని డబ్ల్యూ, ఎన్ని ప్రాసెసర్లున్నా తగ్గని టైమ్ టీ అయితే, పీ ప్రాసెసర్లతో డబ్ల్యూ బై పీ ప్లస్ టీ లోపు అయిపోతుంది. అంటే ఎన్ని ప్రాసెసర్లు కొన్నా ఆ టీ కిందకి దిగలేరు, ఎన్‌సీ అడుగుతున్నది ఆ టీ గురించే.

పీ-కంప్లీట్ (పీలో అన్నిటికంటే కష్టమైనవి, ఎన్‌సీలో ఉండవని చాలామంది నమ్మేవి) వైపు సర్క్యూట్ వాల్యూ ప్రాబ్లమ్ (ఇచ్చిన గేట్ల సర్క్యూట్‌కి జవాబు 0నా 1ఆ అని చెప్పడం; లాడ్నర్, 1975) ప్రూఫ్ చూడకుండా రాయగలిగితే చాలు. మ్యాచింగ్ (గ్రాఫ్‌లో పాయింట్లని జంటలుగా కలపడం) ఆర్‌ఎన్‌సీలో, అంటే ర్యాండమ్ బిట్లు వాడే ఎన్‌సీలో ఉందన్నది గుర్తుంచుకోండి. ఇంకో మాట, రెండు పూర్ణాంకాల గసాభా ఎన్‌సీలో ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు. ఇది ఇంటర్వ్యూలో అంటే మాత్రం తర్వాతి ప్రశ్న దాని మీదే పడుతుంది, యూక్లిడ్ పద్ధతిలో ఒక భాగహారం అయితే గానీ రెండోది ఎందుకు మొదలవదో బోర్డు మీద చూపించగలిగినవాళ్ళే అనండి.