ఈగ కాలి మీద కన్ను

ఒక ప్రయోగం గురించి చదివినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. 1995లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గేరింగ్ బృందం ఎలుకలో కన్ను ఏర్పడటానికి కావాల్సిన జన్యువు ఒకటి తీసుకుని, పండ్ల మీద వాలే చిన్న ఈగలో పనిచేయించింది. ఈగ కాలి మీద కన్ను మొలిచింది! అంతకంటే నన్ను కదిలించింది ఇంకొకటి: మొలిచింది ఎలుక కన్ను కాదు, అచ్చంగా ఈగ కన్నే. బోలెడు చిన్న చిన్న కటకాలతో.

అంటే ఆ జన్యువు చెప్పేది ‘ఇక్కడ కన్ను కట్టు’ అని మాత్రమే. ఎలా కట్టాలో ఆ శరీరానికే తెలుసు. ఈగ, ఎలుక దారులు విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటినా ఆ ఆదేశం ఇద్దరికీ అర్థమవుతోంది. ఎంత అద్భుతం!

జంతువుల్లో ఇన్ని రకాలెందుకని చిన్నప్పటి నుంచీ ఆశ్చర్యమే. స్కాలప్ అనే ఆల్చిప్పనే చూడండి, పెంకు అంచున వరసగా కళ్లు, వాటిలో కాంతిని తిప్పికొట్టే అద్దాలు. ఇప్పుడు మాత్రం ఈ తేడాల కింద దాగిన చుట్టరికమే నన్ను ఎక్కువగా లాగుతోంది. తల నుంచి తోక దాకా ఏ చోట ఏ భాగం రావాలో నిర్ణయించే హాక్స్ జన్యువుల గురించి చదవడం మొదలుపెట్టాను. అవీ ఈగలోనూ మనలోనూ ఉన్నాయి.