పక్కింటి పెద్దాయనకు సెనేట్ గౌరవం

న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో మా పక్కింటి పెద్దాయన పోయిన మరుసటి ఏడు రాష్ట్ర సెనేట్ ఆయన్ని మాజీ సైనికుల గౌరవ జాబితా అయిన వెటరన్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. 2005లో మొదలైన ఈ గౌరవానికి సెనెటర్లు తమ నియోజకవర్గం నుంచి తలా ఒకరిని ఎంచుకుంటారు. యుద్ధంలో ఏం చేశారన్నదే కాదు, తిరిగొచ్చాక ఊరికేం చేశారన్నదీ చూస్తారు.

మా ఇంట్లో స్కానర్ ఉందని ఆయన భార్య, కూతురు ఆయన కాగితాలు పట్టుకొచ్చారు. అందులో డీడీ-214 ముఖ్యం. సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే కాగితం అది. వెలిసిపోయిన టైపు అక్షరాల్లో 'పర్పుల్ హార్ట్' అని కనపడింది. యుద్ధంలో గాయపడ్డవాళ్లకిచ్చే పతకం. నాన్న కుంటడం ఫైర్ ట్రక్ మీంచి జారిపడ్డందుకే అనుకుంటూ పెరిగిన కూతురు తల్లి వైపు చూసింది. "అడగొద్దన్నాడు, అడగలేదు" అంది ఆవిడ.

కార్యక్రమం లెజిస్లేటివ్ ఆఫీస్ బిల్డింగ్‌లో. నా ఉద్యోగం పక్కనే ప్రభుత్వాఫీసుల సముదాయం ఎంపైర్ స్టేట్ ప్లాజాలో కాబట్టి లంచ్ టైమ్‌లో కింద కాంకోర్స్ అనే నడవ గుండా నడిచి వెళ్లాను. సెనెటర్ వియత్నాం గురించి ఒక్క వాక్యం చదివి, మిగతాదంతా ఆయన పనిచేసిన వాలంటీర్ ఫైర్ కంపెనీ, అంటే స్వచ్ఛందంగా మంటలార్పే దళం గురించే చదివారు. నాకదే సబబనిపించింది. అర్ధరాత్రి సైరన్ మోగితే మంచులో కోటు తొడుక్కుంటూ పరిగెత్తే మనిషినే కదా మా వీధి ఎరిగింది.

రాత్రి ఫోన్లో చెబితే నాన్న మొదటి ప్రశ్న: "ఎంతిచ్చారట?"

మాది సూర్యాపేట. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబుదీ ఆ ఊరే. తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ఇచ్చింది. చిన్నపిల్లలున్న ఇంటికి ఉత్త ఫలకం ఇచ్చి చేతులు దులుపుకుంటే అదేం గౌరవం? ఇక్కడ పోయింది డెబ్బై దాటిన మనిషి. ఆవిడకు పెన్షన్ వస్తోంది. ఆయన చేసిన పని నలుగురి ముందు ఎవరైనా గట్టిగా చదివితే చాలనుకుంది.

ఆలస్యం మాత్రం నాకు మింగుడుపడదు. ఇదే ఆల్బనీలో రైల్వే పోర్టర్‌గా పనిచేసిన నల్లజాతి సైనికుడు హెన్రీ జాన్సన్ 1918లో ఫ్రాన్స్‌లో 21 గాయాలైనా జర్మన్ల దాడిని తిప్పికొట్టాడు. 1929లో పోయాడు. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది 2015లో! అందుకోవడానికి సొంతవాళ్లెవరూ దొరక్క, న్యూయార్క్ నేషనల్ గార్డ్ సైనికుడొకరు అందుకున్నారు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఉండే మనవాళ్లకో మాట. మీ వీధిలో ఇలాంటివాళ్లుంటే సెనెటర్ ఆఫీసుకు ఫోన్ చేసి పేరివ్వండి. డీడీ-214 పోతే సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కు ఆ మాజీ సైనికులే, వాళ్లు లేకపోతే దగ్గరి కుటుంబసభ్యులు రాయాలి. 1960కి ముందు ఆర్మీ నుంచి వచ్చేసినవాళ్ల రికార్డులు అక్కడ 1973 అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయాయి. కాబట్టి కొరియా యుద్ధం నాటి పెద్దలైతే ముందు ఇంట్లోని పాత పెట్టెలు వెతకమనండి.