ఓరుగల్లు పడిపోతుందని నా నీరటికి తెలియదు

వరంగల్‌లో కూర్చుని కాకతీయుల మీద నవల రాయడంలో పెద్ద ఇబ్బంది ఒకటుంది. చివరికి ఏమవుతుందో బడిపిల్లలకు కూడా తెలుసు. 1323లో కోట ఢిల్లీ సైన్యం చేతికి పోయింది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెబుతుంది. ఇక 'తర్వాత ఏమైంది' అనే టెన్షన్‌తో కథ నడవదు. అందుకే కోట పతనాన్ని మొదటి అధ్యాయంలోనే చెప్పేసి, 1310కి వెనక్కి వెళ్లాను.

ఆ ఏడు జనవరిలో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ సైన్యం ఓరుగల్లు ముందు దిగింది. మన దగ్గర జనవరి అంటే యాసంగి నాట్లు. నా ప్రధాన పాత్ర ఒక నీరటి. చెరువు తూము దగ్గరుండి, వంతుల ప్రకారం మడులకు నీళ్లు వదిలే మనిషి. మట్టికోట బయట గుడారాలు పడ్డాయని వినగానే అతనికి తూమే గుర్తొస్తుంది. రాత్రికి రాత్రి ఎవరైనా ఎత్తేస్తే? ఎడ్లను కోట లోపలికి తోలాలా? నారు ఎవరికి వదిలిపోవాలి? అతనికి 1323 తెలియదు. తెలిసినట్టు ఒక్క మాట మాట్లాడించినా ఆ మనిషి మీద నాకే నమ్మకం పోతుంది. చారిత్రక నవలల్లో నన్ను బాధపెట్టేది ఇదే, రాబోయే కాలాన్ని ముందే చదివేసినట్టు మాట్లాడే మనుషులు.

రుద్రమదేవి మరణం కళ్లకు కట్టేలా రాయమని మిత్రులు అడుగుతుంటారు. 1289 నాటి చందుపట్ల శాసనంలో ఉన్నది ఇంతే: రుద్రమ, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారు, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దేవుడికి భూమి ఇచ్చాడు. ఎలా పోయారో లేదు. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో అని చరిత్రకారుల ఊహ. ఆ ఊహ పట్టుకుని నెత్తురు పారించడం సులువే. నాకు మాత్రం ముమ్మడి కావాలి. ఏలినవాళ్లు పోయాక పొలం చూపించి, రాయి చెక్కేవాణ్ణి పిలిపించి, ఏ మాటలు ఉండాలో చెప్పిన మనిషి. చావు ఎలా వచ్చిందో ఎందుకు రాయించలేదు? చెప్పనక్కర్లేదనుకున్నాడా, చెప్పలేకపోయాడా?

దీన్ని నవల మధ్యలో, నీరటి తండ్రి నోట పెట్టాను. యుద్ధం సంగతి చెప్పమని కొడుకు అడుగుతాడు. ముసలాయన మాత్రం దేవుడికిచ్చిన ఆ భూమి ఎంత, దానికి నీళ్లు ఎటునుంచి పారేవి అన్నదే చెబుతాడు.