కాక్‌పిట్‌లో ఉపగ్రహాల లెక్క
గన్నవరంలో దిగబోయే విమానంలో జీపీఎస్ స్థితి పేజీ తెరిచినప్పుడు, ఉపగ్రహాల సంఖ్య ఒక్కటే చూసి తృప్తిపడడం చాలదని నా అభిప్రాయం. స్థానం తేల్చడానికి నాలుగు చాలు, వాటిలో ఒకటి తప్పు చెబుతోందని పసిగట్టడానికి అయిదు, దానిని గుర్తించి పక్కన పెట్టడానికి ఆరు కావాలి. ఈ స్వీయ తనిఖీనే రెయిమ్ అంటారు. అయితే ఆ ఆరూ ఆకాశంలో ఒకే మూలన గుమిగూడితే ప్రయోజనం తక్కువ కనుక, విమానపు అసలు స్థానం ఎంత దూరం లోపల ఉంటుందని రిసీవర్ హామీ ఇస్తోందో, ఆ అంకె మరింత విలువైనది. మామూలు జీపీఎస్ అప్రోచ్ (రన్‌వే వైపు దిగి రావడం) చివరి అంచెలో అది 0.3 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 556 మీటర్లు, దాటితే హెచ్చరిక వస్తుంది. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన, జీపీఎస్ పొరపాట్లను సవరించే గగన్ వ్యవస్థ సంకేతాలను అందుకోగల రిసీవర్లలో ఈ అంకె బాగా తగ్గుతుంది, కానీ మన అక్షాంశాలలో సూర్యాస్తమయం తరువాత అయనావరణం, అంటే పై వాతావరణంలో విద్యుదావేశం నిండిన పొర, ఉపగ్రహ సంకేతాలతో చేసే అల్లరి దానికీ తప్పదు.